గండికోటకు ఒక్క పూట చాలదు

బెంగళూరు నుంచి రాత్రికి రాత్రి బయల్దేరి, తెల్లవారేసరికి గండికోట చేరుకుని, సూర్యోదయం చూసి, మధ్యాహ్నానికల్లా బేలం గుహలకు వెళ్లిపోవాలన్న మీ ఆలోచన సరైనదేనా, వెంట చిన్నపిల్లలూ అరవై దాటిన తల్లిదండ్రులూ ఉంటే ఇబ్బంది అవుతుందా, లోయలో కనిపించే నీళ్ల మీద పడవ షికారుకు వీలుంటుందా అని మీరు అడిగారు. పిల్లలను, పెద్దవాళ్లను నిశ్చింతగా తీసుకురావచ్చు. ఒక్క పూట మాత్రం చాలదు. నీళ్ల సంగతి కాస్త విడమరచి చెప్పాలి. మాది జమ్మలమడుగు. మా నాయన పుట్టి పెరిగిన ఊరు గండికోట జలాశయంలో మునిగిన ఊళ్లలో ఒకటి. కాబట్టి ఈ ప్రశ్నకు నాలుగు మాటల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు సాధ్యం కాదు.

ముందుగా సూర్యోదయం గురించి చెబుతాను. గండికోట అనగానే అందరూ తెల్లవారుజామునే వెళ్లాలని పట్టుబడతారు. చీకట్లో సెల్‌ఫోన్ వెలుతురు పట్టుకుని జామా మసీదు పక్కగా బండలు దాటుకుంటూ గట్టు దాకా వెళ్లి, అంచున చోటు కోసం ఒకరినొకరు తోసుకుని, పొద్దు పొడవగానే ఫొటోలు దిగి, ఎండ చురుక్కుమనకముందే టిఫిన్ కోసం జమ్మలమడుగు దారి పడతారు. శని, ఆదివారాల్లో ఈ రద్దీ మరీ ఎక్కువ. నా ఉద్దేశంలో ఆ లోయను చూడవలసిన వేళ అది కానే కాదు. కోట పెన్నకు దక్షిణపు గట్టున ఉంది. మనం నిలబడి చూసేది ఉత్తరపు గట్టును. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కనుక మధ్యాహ్నం మూడు దాటాక ఎదుటి రాతిగోడ మీద ఎండ నేరుగా పడుతుంది. పొద్దున మసకగా, ఒకే రంగుగా కనిపించిన గోడ అప్పుడు పొర పొరగా విడిపోతుంది. ఏ పొర ఎర్రనిదో, ఏది ఇటుక రంగుదో, ఏ నెర్రెలో చెట్టు వేళ్లూనుకుందో ఇవతలి నుంచే పోల్చుకోవచ్చు. అడుగున నీళ్ల రంగు కూడా ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి మారుతూ ఉంటుంది. ఈ వేళ వదిలేసి వెళ్లినవాళ్లు గండికోటను చూశామని చెబితే నేను ఒప్పుకోను.

గట్టు మీద నిలబడినప్పుడు కళ్లు వాటంతట అవే దూరానికి పోతాయి. ఒకసారి కాళ్ల కింద కూడా చూడమని మా బడి పిల్లలకు ఎప్పుడూ చెబుతుంటాను. అక్కడి రాయి ఎర్రమల కొండల రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే పెట్టారు. అంటే ఈ ఊరి పేరు శాస్త్ర గ్రంథాల్లో ఒక శిలకు పేరుగా నిలిచిపోయిందన్నమాట. ఆ రాయి నలుచదరపు దిమ్మెలుగా చీలి, మేస్త్రీ సున్నం పెట్టకుండా పేర్చిన గోడలాగా ఒకదాని మీద ఒకటి నిలిచి ఉంటుంది. దిమ్మెల మధ్య సందుల్లో కాలు ఇరుక్కుంటుంది, అంచులు గీరుకుంటాయి, అందుకే చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని రమ్మంటాను. కొన్ని బండల మీద అరచేయి పెట్టి నిమిరితే వరుసగా సన్నని గట్లు తగులుతాయి. లోతు తక్కువ నీళ్ల అడుగున ఇసుక మీద అలలు ఆడినప్పుడు పడిన గుర్తులవి. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన నాటి ఆ ఇసుక గట్టిపడి రాయి అయింది. ఆ రాతినే పెన్న తరువాత కోసుకుంటూ, సుమారు 300 అడుగుల లోతు లోయ చేసుకుంది. ఇంత పాత అలల గుర్తుల మీద కూర్చుని ఇప్పటి జలాశయపు అలలను చూడగలిగిన చోటు మన రాష్ట్రంలో ఇంకొకటి చెప్పమంటే నాకు తోచదు.

ఇప్పుడు నీళ్ల దగ్గరకు వస్తాను. మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. ఒక సంక్రాంతి సెలవులకు అతడు భార్యాపిల్లలతో వచ్చినప్పుడు అందరం కలిసి గండికోటకు వెళ్లాలనుకున్నాం. మా నాయన మాత్రం రానన్నారు. "నీళ్లు సూడ్డానికి నేను రావల్నా?" అని కండువా దులుపుకుని మంచం మీద కూర్చున్నారు. ఊరు విడిచి వచ్చిన తరువాత ఆయన ఆ వైపు వెళ్లడానికి ఇష్టపడేవారు కాదు. చివరికి మా తమ్ముడి కూతురు చేయి పట్టుకుని లాగితే వచ్చారు. మసీదు దాటాక బండల మీద నడక ఆయన మోకాళ్లకు కష్టమవుతుందని నేను భయపడ్డాను గానీ, మేకలు తోలుకుని ఎర్రమల గుట్టల్లో తిరిగిన మనిషి కనుక, ఎక్కడ అడుగు వేయాలో మా కంటే ఆయనకే బాగా తెలిసింది. అంచుకు పది అడుగుల ఇవతల వెడల్పాటి బండ ఒకటి చూసుకుని, పిల్లలను కూడా అక్కడే కూర్చోబెట్టారు.

ఆ పిల్ల లోయలోకి చూపించి, "తాతా, ఈ నది పేరేంటి?" అని అడిగింది. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపు చూసి, "లోయ మాత్రం పెన్నేటిదే పాపా. నీళ్లు మాత్రం పెన్నేటివి గావు, కిష్ణమ్మవి. శ్రీశైలం కాడ్నుంచి కాలవలెంబడి వచ్చినాయి" అన్నారు. మా తమ్ముడు నమ్మలేదు. పెన్న లోయలో కృష్ణ నీళ్లేమిటని వాదించాడు. అప్పుడు నాయన చేతికర్రతో బండ మీద గీత గీసి చూపిస్తూ దారి మొత్తం చెప్పారు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు తూముల గుండా నీళ్లు కాలువలో పడతాయి. గోరకల్లు జలాశయానికి, అక్కడి నుంచి అవుకు జలాశయానికి వస్తాయి. అవుకు దగ్గర కొండలో తవ్విన సొరంగం దాటి, వరద కాలువ వెంట గండికోట జలాశయంలో చేరతాయి. గాలేరు నగరి పథకం అంటే ఇదే. కోటకు ఎగువన పెన్నకు అడ్డంగా కట్టిన ఆ జలాశయంలో 26.85 టీఎంసీల నీరు పడుతుంది. అక్కడి గేట్లు ఎత్తి వదిలిన నీరు ఈ లోయ గుండా దిగువన ఉన్న మైలవరం జలాశయానికి పోతుంది. మైలవరం జలాశయంలో నీరు నిండుగా ఉన్నప్పుడు ఆ నీరే వెనక్కు తన్ని లోయలో కదలకుండా నిలిచి ఉంటుంది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నలోనూ, పైన దానిలో కలిసే చిత్రావతిలోనూ వానలు బాగా పడిన ఏడు మాత్రమే సొంత వరద వస్తుంది. మిగిలిన ఏళ్లలో మీరు గట్టు మీద నుంచి చూసి మురిసిపోయే నిండుదనంలో ఎక్కువ భాగం కృష్ణదే. బడిలో భూగోళం చెప్పే నాకు కూడా ఆ దారి అంత తేటగా కళ్లకు కట్టింది ఆ రోజే.

చీకటి పడకముందే వెనక్కు వచ్చి రాత్రికి అక్కడే బస చేశాం. మరునాడు పొద్దున నాయనే స్వయంగా జలాశయం వైపు పోదామన్నారు. కారును గట్టుకు దూరంగా ఆపి, నీళ్లు కనిపించే మిట్ట మీదకు వెళ్లి నిలబడ్డాం. కంటి చూపు ఆనినంత దూరం నీళ్లే ఉన్నాయి. నీటి అంచున తుమ్మచెట్లు సగం మునిగి, మీది కొమ్మలు మాత్రం కనిపిస్తున్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఆయన రెండు గుట్టల నడుమకు కర్ర చూపించి, ఆ సందులో మన ఊరని, దాని కుడి పక్కన చింతతోపని, ఊరి ముందర పీర్ల చావిడని, అది దాటితే మన చేను అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. పిల్లలకు అక్కడ నీళ్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అయినా ఆయన చెబుతున్నంతసేపూ అటే చూశారు. మీకు కోపం రాలేదా నాయనా అని నేను అడిగినప్పుడు ఆయన అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "కోపం యాల? ఈ నీళ్లు ఎత్తిపోసుకోని చిత్రావతి కాడికి, పైడిపాళెం కాడికి తీసకపోతాండారు. పులివెందల పక్క ఎండిపోయిన చీనీ తోటలు బతికినాయి. అది మంచిదే. గానీ నీళ్లు సూసేదానికి ఇంతమంది వస్తాండారు గదా, ఈడ ఫలానా ఊర్లు ఉండె అని ఒక్క బోర్డు రాసింటే బాగుండు."

గండికోట గురించి నేను అసలు చెప్పదలచుకున్నది కూడా ఇదే. తాళ్లప్రొద్దుటూరు, కొండాపురం వైపు ఎన్నో పల్లెలు ఈ నీటి కోసం ఖాళీ అయ్యాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వీధుల్లోకి నీళ్లు వస్తుంటే జనం సామాన్లు సర్దుకుని బయటికి వచ్చారు. ఇళ్ల తలుపులు, కిటికీలు ఊడదీసుకుని ట్రాక్టర్ల మీద వేసుకుని వెళ్లిన కుటుంబాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. లోయను చూడటానికి వచ్చేవాళ్లకు ఇది తెలియాలి. తెలిస్తే విహారం చేదవుతుందని కొందరు అంటారు గానీ, ఆ మాట నేను అంగీకరించను. మా తమ్ముడి పిల్లలు ఈ రోజుకీ గండికోట అంటే తాత బండ మీద గీసిన కాలువలనే గుర్తు చేసుకుంటారు. సూర్యోదయపు ఫొటోలు చూసి వెళ్లిన వాళ్ల స్నేహితులకు ఆ నది పేరు కూడా తెలియదు.

కోటను కూడా ఇదే విధంగా తొందరపడి వదిలేస్తున్నారు. గట్టుకు పోయే దారిలో మసీదు ఎదురవుతుంది కనుక దాని ముందు రెండు ఫొటోలు దిగుతారు. పక్కనే ఉన్న ధాన్యాగారం లోపలికి తొంగి చూసేవాళ్లే తక్కువ. మాధవరాయ స్వామి ఆలయ గోపురం కోటలో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది, కానీ లోపలి మండపంలో స్తంభాల మీది శిల్పాల ముందు నిలబడి చూడటానికి ఒక గంట కేటాయించాలి. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఈ కోటను గోల్కొండ సుల్తానుల సేనాని మీర్ జుమ్లా పదిహేడో శతాబ్దం నడుమ పట్టుకున్నాడు. ఆ తరువాత కొద్ది కాలానికే, 1652లో, టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చాడు. లోయ ఈ కోటకు ఎంత రక్షణగా ఉందో తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. మూడు వైపులా కట్టుకున్న గోడ ఒక ఎత్తు, నాలుగో వైపు పెన్న కోసిన గోడ ఒక ఎత్తు. శత్రువు ఎక్కలేని ఆ గోడ అంచునే ఇప్పుడు మన పిల్లలు ఒంటి కాలి మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

ఈ విషయంలో నా బాధ చెప్పుకోక తప్పదు. అంచున కంచె లేదు. అన్ని చోట్లా కంచె వేయాలని కూడా నేను కోరను, ఎందుకంటే ఇనుప కడ్డీల వెనుక నుంచి చూసే లోయ లోయలాగా ఉండదు. కానీ తాగిన సీసాలను బండల సందుల్లో పగలగొట్టి పోవడం, తెల్లవార్లూ గుడారాల దగ్గర స్పీకర్లు మోగించడం, మసీదు గోడల మీద, గుడి స్తంభాల మీద మేకుతో పేర్లు చెక్కడం చూస్తే కడుపు మండుతుంది. ఆ సందుల్లో పడిన గాజుపెంకులను ఏ పారిశుద్ధ్య కార్మికుడూ తీయలేడు. అవి అక్కడే ఉండిపోయి, వట్టి కాళ్లతో మేకలు తోలే పిల్లల పాదాల్లో గుచ్చుకుంటాయి. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. గాజు వంతెన కడితే జనం విరగబడి వస్తారని మా ఊళ్లో కొందరు ఉత్సాహపడుతుంటారు. నన్ను అడిగితే ముందు కావలసినవి తాగునీరు, ఆడవాళ్లు వాడుకోగలిగిన శుభ్రమైన మరుగుదొడ్లు, మసీదు నుంచి గట్టు దాకా ముసలివాళ్లు కూర్చోవడానికి నాలుగు చోట్ల నీడ. వాటితోపాటు మా నాయన అడిగిన బోర్డు. శ్రీశైలం నుంచి మైలవరం దాకా నీటి దారి గీసి, మునిగిన ఊళ్ల పేర్లు వరుసగా రాసిన రాతి పలక ఒకటి గట్టు దగ్గర నిలబెడితే, కోట్ల రూపాయల్లో దాని ఖర్చు లెక్కలోకే రాదు. నాపరాళ్లకు పెట్టింది పేరైన జిల్లాలో ఒక పలక దొరకదా?

ఇక మీ ప్రయాణం సంగతి. అక్టోబరు నుంచి జనవరి దాకా వచ్చేవాళ్లకు నీళ్లూ ఉంటాయి, ఎండా భరించేలా ఉంటుంది. మార్చి దాటితే ఆ బండలు కాలి, మధ్యాహ్నం పూట చెయ్యి ఆనించడానికి ఉండదు. అలాంటి ఎండలో మీ తల్లిదండ్రులను తీసుకురావద్దు. బెంగళూరు నుంచి కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా రావడం సులువు. రైలులో రావాలనుకుంటే ముద్దనూరులో దిగి ఆటోనో కారో మాట్లాడుకోవచ్చు. జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్లు. బస్సులు తక్కువ కాబట్టి వాటిని నమ్ముకుని పిల్లలతో రోడ్డు మీద నిలబడవద్దు. తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి చేరుకోండి. మూడింటి దాకా కోట లోపలి కట్టడాలు చూసి, ఆ తరువాత గట్టుకు వెళ్లి, పొద్దు కుంకగానే వెలుగు ఉండగా వెనక్కు రండి. పర్యాటక శాఖ హోటల్ కోట దగ్గరే ఉంది. సెలవు రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి కనుక బయల్దేరేముందే ఖాయం చేసుకోండి. గుడారాలు కూడా అద్దెకు ఇస్తారు గానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు రాత్రంతా నేల మీద పడుకోవడం కష్టం. స్థానికులు ఇళ్లలో వండిపెట్టే జొన్నరొట్టె, సంగటి, నాటుకోడి పులుసు ముందుగా చెబితే దొరుకుతాయి. అవి వదిలేసి అక్కడ కూడా నూడుల్స్ కోసం వెతకవద్దని నా మనవి.

మరునాడు పొద్దున తప్పకుండా మైలవరం జలాశయానికి వెళ్లండి. ముందు రోజు పైనుంచి చూసిన నీటిని పిల్లలు అక్కడ దగ్గరగా, అదే మట్టంలో చూస్తారు. లోయ గోడల నడుమ ఇరుకుగా ఉన్నదే ఇక్కడ ఎంత వెడల్పుగా పరుచుకుందో వాళ్లకు అర్థమవుతుంది. దీని సామర్థ్యం దాదాపు 10 టీఎంసీలు. పడవ షికారు జరిగేదీ లేనిదీ నీటిమట్టాన్ని బట్టి, ఆ రోజుల్లో ఉన్న ఏర్పాట్లను బట్టి ఉంటుంది కాబట్టి ముందు రోజు జమ్మలమడుగులోనే కనుక్కోండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ పిల్లలకే కాదు, మీరూ మీ నాన్నగారూ కూడా వేసుకోండి. ఒంటికి సరిపోయే జాకెట్ లేదంటే ఎక్కవద్దు. లోయలోకి దిగి ఈత కొట్టాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు. గట్టున రాయి నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతుంది, కాలు మోపడానికి చోటు ఉండదు, పాచి పట్టిన బండ మీద నుంచి జారినవాడు తిరిగి పట్టుకోవడానికి కొమ్మ కూడా దొరకదు. పైగా ఎగువన గేట్లు ఎత్తితే మట్టం మారుతుంది. ఈత బాగా వచ్చిన కుర్రాళ్లే ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మైలవరం చూసుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి బేలం చేరతారు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్లో లోపల ఉక్కపోతగా ఉంటుంది కనుక, ముందు రోజు బండల మీద నడిచి అలసిన మీ తల్లిదండ్రులు బయట చెట్టు నీడన కూర్చున్నా నష్టం లేదు. వాళ్ల ఓపికను మాత్రం గండికోట గట్టు కోసం దాచిపెట్టండి. మసీదు దగ్గర నుంచి బండల మీద మెల్లగా, పక్కన ఒకరు చేయి అందించి నడిపిస్తే వాళ్లు చేరగలరు. అంచు దాకా పోనవసరం లేదు, కొంచెం వెనక ఉన్న వెడల్పాటి బండల మీద కూర్చున్నా లోయ మొత్తం కనిపిస్తుంది.